కిత్తనారకు ముందు చోటు చూడండి

నర్సరీలో 6 అంగుళాల కుండీలో ఉన్న కిత్తనార పిల్లను చూస్తే ఎవరికైనా ఇంటికి తెచ్చుకోవాలనిపిస్తుంది. నీలం కలిసిన బూడిద రంగు మట్టలు ఏడో ఎనిమిదో ఉంటాయి. ఒక్కోదాని కొసన నల్లటి ముల్లు, అన్నిటి నడుమ నిటారుగా నిలబడ్డ మొవ్వు. డబ్బులిచ్చే ముందు ఒక్క పని చేయండి. దాన్ని ఎక్కడ పెట్టాలనుకున్నారో అక్కడ టేపు పెట్టి కొలవండి. నేలలో నాటిన కిత్తనార పూర్తిగా ఎదిగేసరికి ఈ కొస నుంచి ఆ కొసకు 10 అడుగుల జాగా ఆక్రమిస్తుంది. మట్ట ఒక్కొక్కటి 4 నుంచి 6 అడుగులు సాగుతుంది, మధ్యలో జానెడు వెడల్పు ఉంటుంది. అంచుల వెంట వంకీ ముళ్ళు, చివర ఒకటి రెండు అంగుళాల సూది ముల్లు. అంత మొక్కను పదేళ్ళ తరువాత పక్కకు జరపాలంటే మాటలు కాదు.

మట్టి, నీళ్ళు, ఎరువు అన్నీ ఆ తరువాతి సంగతులు. ఈ మొక్కను పెంచేవాళ్ళు చేయాల్సిన అసలు పని సరైన చోటు ఎంచడం. ఆ తరువాత రావలసింది చేతులు కట్టుకుని ఊరుకోగలగడం. మల్లెకూ గులాబీకీ పొద్దునా సాయంత్రం సేవ చేసి అలవాటైనవాళ్ళకు ఈ రెండోదే కష్టం. ఇళ్ళల్లో చచ్చిపోయే కిత్తనారల్లో ఎక్కువ భాగం ప్రేమ కొద్దీ పోసిన నీళ్ళ వల్లే పోతాయని నా నమ్మకం.

దీని పుట్టిల్లు మెక్సికో, దాన్ని ఆనుకుని ఉన్న టెక్సాస్ ప్రాంతం. 1753లో లినేయస్ అనే వృక్షశాస్త్రవేత్త దీనికి అగేవ్ అమెరికానా అని శాస్త్రీయ నామం పెట్టాడు. అమెరికా ఖండాల నుంచి ఓడలెక్కి ప్రపంచమంతా తిరిగి మన దేశానికీ వచ్చింది. తెలంగాణలో, రాయలసీమలో రైలు కట్టల పక్కన, చేలగట్ల మీద, పశువులు తోటలో పడకుండా వేసిన కంచెల్లో దీన్ని చూడని వాళ్ళుండరు. కొన్నిచోట్ల రాకాసి మట్ట అంటారు. ఎవరూ నీళ్ళు పోయకుండా, ఎవరూ మందు కొట్టకుండా, రాళ్ళ నేలలో నలభై డిగ్రీల ఎండలో అది ఎలా బతుకుతోందో గమనిస్తే మీ పెరట్లో ఏం చేయాలో సగం తెలిసిపోతుంది. అక్కడ మూడు ఉన్నాయి: పూర్తి ఎండ, నీరు నిలవని వాలు, మనిషి జోక్యం లేకపోవడం. ఆ మూడూ ఇవ్వగలిగితే తెచ్చుకోండి.

చోటు గురించి ఇంకొంచెం చెప్పాలి. రోజుకు కనీసం 6 గంటల నేరుటెండ పడాలి. నీడలో పెడితే చావదు గానీ మట్టలు పొడుగ్గా సాగి, మెత్తబడి, వాలిపోతాయి. ఒకే మొవ్వు చుట్టూ పూరేకుల్లా విచ్చుకునే ఆ తీరు పోతుంది. ఆ తీరు కోసమే కదా మనం దీన్ని పెంచేది. గేటు దగ్గర, మెట్ల పక్కన, పిల్లలు ఆడుకునే చోట, బట్టలారేసే తీగ కింద, కారు తలుపు తెరుచుకునే వైపు నాటకండి. సూది ముల్లు సరిగ్గా చిన్నపిల్లల కంటి ఎత్తులో ఉంటుంది. నడిచే దారికి మట్ట కొస ఎదిగాక కూడా కనీసం 3 అడుగుల ఎడం ఉండేలా లెక్క వేసుకోండి. అంటే దారి నుంచి మొదలు దాకా 8 అడుగులు. ముళ్ళ మొక్క వాకిట్లో ఉండకూడదనే పట్టింపు చాలా ఇళ్ళల్లో ఉంది. దాన్ని తీసిపారేయనక్కర్లేదు, ఈ మొక్క విషయంలో అది మంచి జాగ్రత్తే. ప్రహరీ మూల, తోట వెనుక గట్టు, పొలం హద్దు దీనికి తగిన చోట్లు.

అంత జాగా లేనివాళ్ళు నిరాశపడక్కర్లేదు. ఇదే కుటుంబంలో ముళ్ళు లేనిది ఒకటుంది, అగేవ్ అటెన్యువాటా. లేత ఆకుపచ్చ మట్టలు మెత్తగా, వెడల్పుగా ఉంటాయి. అంచున గానీ కొసన గానీ ముల్లుండదు. నాలుగైదు అడుగుల జాగాలో సర్దుకుంటుంది, పెద్ద కుండీలోనూ బాగుంటుంది. అపార్ట్‌మెంట్ బాల్కనీకి, పిల్లలున్న ఇంటికి నేను చెప్పేది ఇదే. ఒకటే ఇబ్బంది, మన ఏప్రిల్, మే మధ్యాహ్నపు ఎండకు దీని మట్టల మీద తెల్లటి కాలిన మచ్చలు పడతాయి. తూర్పు వైపు ఎండ దీనికి సరిపోతుంది. ఇక ముళ్ళున్న కిత్తనారలోనే పసుపు అంచులున్న రకాలు కడియం నర్సరీల్లో, హైదరాబాద్ చుట్టుపక్కల నర్సరీల్లో తేలిగ్గా దొరుకుతాయి. అవి పచ్చ రకాల కన్నా నెమ్మదిగా పెరుగుతాయి. చిన్నగా ఉన్నాయని గోడకు ఆనించి పెట్టకండి, అంచు ముళ్ళు వాటికీ ఉంటాయి.

కొనేటప్పుడు మరో పొరపాటు జరగకుండా చూసుకోండి. కిత్తనారను కలబంద అనుకునేవాళ్ళు చాలామంది. పట్నంలో పుట్టి పెరిగిన పిల్లలకు రెండూ ఒకటే. కలబంద మట్టను విరిస్తే లోపల గాజులాంటి గుజ్జు కనిపిస్తుంది. కిత్తనార మట్టను విరవబోతే విరగదు. నార అడ్డుపడుతుంది, పీచులు పీచులుగా సాగుతుంది. ఆ నారతోనే తాళ్ళు పేనేవాళ్ళు. కలబంద ఏటేటా పూస్తుంది, కిత్తనార జీవితంలో ఒకేసారి పూస్తుంది. తేడా తెలియక కిత్తనార రసాన్ని ముఖానికి రాసుకున్నా, తాగినా ప్రమాదమే. ఆ రసంలో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు సన్నటి సూదుల్లా ఉంటాయి, సబ్బు గుణమున్న సాపోనిన్లూ ఉంటాయి. చర్మం మీద పడితే మంట, దద్దుర్లు వస్తాయి. కంట్లో పడితే వెంటనే నీళ్ళతో బాగా కడిగి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మట్టలు కోసేటప్పుడు నిండు చేతుల చొక్కా, మందపాటి తోలు గ్లవుజులు, కళ్ళద్దాలు తప్పవు. గడ్డి కోసే యంత్రాన్ని దీని దగ్గరికి తీసుకురావద్దు, రసం తుంపరలుగా ఒళ్ళంతా చిమ్ముతుంది.

ఇక నేల సంగతి. తెలంగాణ ఎర్ర చెలకల్లో, రాయలసీమ గరప నేలల్లో ఏమీ కలపకుండానే నాటుకోవచ్చు. నల్లరేగడి అయితే నీరు పట్టి ఉంచుతుంది, వేళ్ళు కుళ్ళుతాయి. అక్కడ గుంట తీయడం మానేసి, నేల మీదే మొరం, దొడ్డు ఇసుక, ఎర్రమట్టి కలిపి అడుగున్నర ఎత్తు దిబ్బ వేయండి. కోస్తా వాళ్ళకూ ఇదే సలహా. విశాఖపట్నంలోనో కాకినాడలోనో ఏడాదికి పడే వాన అనంతపురంలో పడేదానికి దాదాపు రెట్టింపు. అక్కడ దిబ్బ లేకుండా కిత్తనారను నాటడమంటే తుపానుకు అప్పజెప్పడమే. దిబ్బ మీద మొక్కను కొద్దిగా ఒక పక్కకు వాల్చి నాటితే మొవ్వు చుట్టూ నీరు నిలవకుండా జారిపోతుంది. మొదలు చుట్టూ మట్టి కప్పేటప్పుడు కింది మట్టల అడుగుభాగం పూడిపోకూడదు. నేల మట్టానికి అంగుళమో రెండంగుళాలో పైకే ఉంచండి, మట్టి దిగినప్పుడు సరిపోతుంది.

కుండీకి మట్టి కుండీయే మంచిది. దాని గోడ గుండా తేమ ఆరుతుంది. లోతు కన్నా వెడల్పు ముఖ్యం, ఎందుకంటే దీని వేళ్ళు పక్కలకు పాకుతాయి. ఎర్రమట్టి రెండు పాళ్ళు, దొడ్డు ఇసుక గానీ చిన్న గులకరాళ్ళు గానీ రెండు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలపండి. నర్సరీ నుంచి వచ్చిన మొక్క చుట్టూ కోకోపిట్ ముద్దలా ఉంటే దాన్ని విదిల్చేసి నాటండి. కోకోపిట్ తేమను పట్టుకుని వదలదు, ఈ మొక్కకు అది పనికిరాదు. 18 అంగుళాల కుండీ మట్టితో నిండితే ఇద్దరు పట్టినా కదలదు కాబట్టి డాబా మీద ఎక్కడ ఉంచాలో ఖాళీ కుండీ పెట్టి చూసుకున్నాకే నింపండి.

నీళ్ళ లెక్క తేదీలతో కాక పుల్లతో చూడాలి. చీపురు పుల్ల తీసుకుని కుండీలో 3 అంగుళాలు గుచ్చండి. మట్టి అంటుకుని వస్తే ఆ రోజు నీళ్ళు వద్దు. పొడిగా వస్తే అడుగు చిల్లు నుంచి కారేదాకా ఒకేసారి పోసి, మళ్ళీ పుల్ల పొడిగా వచ్చేదాకా వదిలేయండి. మామూలుగా ఎండాకాలంలో ఇది వారం పది రోజులకొకసారి అవుతుంది, చలికాలంలో మూడు వారాలకు. వానాకాలంలో కుండీకి అసలు అవసరమే రాదు. వీలైతే రేకు కిందికి జరపండి. నేలలో నాటినదానికి మొదటి ఏడాది వేసవిలో మాత్రం పదిహేను రోజులకొకసారి పోస్తే చాలు. వేరు నిలదొక్కుకున్నాక వానే దిక్కు.

ఇంత తక్కువ నీటితో ఎలా బతుకుతుందన్న అనుమానం తీరితే గానీ చెంబు పక్కన పెట్టబుద్ధి కాదు. మామూలు మొక్కలు పగలు ఆకు రంధ్రాలు తెరిచి గాలి పీలుస్తాయి, ఆ దారినే నీరు ఆవిరైపోతుంది. కిత్తనార పగలు ఆ రంధ్రాలు మూసుకుంటుంది. రాత్రి చల్లబడ్డాక తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని ఆమ్లంగా మార్చి దాచుకుంటుంది. తెల్లవారి ఎండ వచ్చాక తలుపులు మూసిపెట్టి, దాచుకున్నదానితో ఆహారం వండుకుంటుంది. మట్ట మీద ఉన్న మైనపు పూత, బూడిద రంగు, లోపలి కండలో నిలవ ఉన్న నీరు దీనికి తోడు. అందుకే వేసవి మధ్యాహ్నం మట్టలు కాస్త లోపలికి ముడుచుకున్నట్టు కనిపిస్తే కంగారు పడొద్దు. వారమైనా అలాగే ఉండి, మట్ట పలచబడితే నీళ్ళు పోయండి. దానికి ఉల్టా, కింది మట్టలు పసుపుపచ్చగా మారి మెత్తగా, నీరు నిండినట్టు అయ్యాయంటే నీరెక్కువైంది. మొదలు దగ్గర ముక్కు పెట్టి వాసన చూడండి. పుల్లటి కుళ్ళు వాసన వస్తే కుండీ నుంచి తీసి, కుళ్ళిన వేళ్ళన్నీ తెల్లటి గట్టి భాగం కనిపించేదాకా కోసి, వారం రోజులు నీడలో ఆరబెట్టి కొత్త మట్టిలో పెట్టాలి. మొవ్వు గట్టిగా ఉంటే మొక్క నిలుస్తుంది. మొవ్వు పట్టి లాగితే ఊడి చేతికొచ్చిందంటే ఇక దాన్ని వదిలేసి పిలకలు చూసుకోండి.

ఎరువు ఏడాదికొకసారి, వానలకు ముందు రెండు గుప్పెళ్ళ వర్మికంపోస్టు చాలు. యూరియా వేయకండి. పురుగుల్లో మనకు తరచూ కనబడేది పిండినల్లి. మట్టల సందుల్లో తెల్లటి దూదిలా ఉంటుంది. నీటి ధారతో కొట్టి కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు ద్రవం కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి. ఎండలో కొడితే మట్టలు మాడతాయి.

కింది మట్టలు ఎండిపోవడం సహజం. పూర్తిగా ఎండి గోధుమ రంగుకు వచ్చాకే మొదలంటా కోయండి. పచ్చి మట్టలు కోసి మొక్కను సన్నగా, అనాసపండులా చెక్కే పద్ధతి కొన్ని పార్కుల్లో కనబడుతుంది. అది చూడటానికీ బాగోదు, మొక్కకూ చేటే. ఆ మట్టల్లోనే అది నీరూ పిండిపదార్థమూ దాచుకుంటుంది. దారికి అడ్డం వస్తుందని మట్టలు కోస్తున్నారంటే చోటు తప్పు ఎంచుకున్నారని అర్థం. సూది ముళ్ళ కొసలను మాత్రం పావు అంగుళం మేర కత్తిరించవచ్చు, దానితో మొక్కకు ఏమీ కాదు.

ఆ పని చేసేటప్పుడు ఒక నిమిషం ఆగి ఒక మట్ట వెనక భాగం చూడండి. బూడిద పూత మీద రంపపు పళ్ళ వరస ఒకటి అచ్చు వేసినట్టు కనిపిస్తుంది. వేలితో తడిమితే కాస్త లోతు కూడా తెలుస్తుంది. మొవ్వులో మట్టలన్నీ ఒకదాన్నొకటి గట్టిగా చుట్టుకుని ఉన్నప్పుడు పక్క మట్ట ముళ్ళు దీని ఒంటి మీద నొక్కుకుని పడ్డ గుర్తు అది. మట్ట విడివడి అయిదడుగులు సాగినా ఆ అచ్చు చెరగదు. ఒక్కో మట్ట మీద రెండు మూడు వరసలు కూడా ఉంటాయి. కుండీలో రోజూ చూస్తూ ఉన్నా చాలామంది దీన్ని గమనించరు.

పిలకల పని ఫిబ్రవరిలో పెట్టుకోండి. అప్పటికి చలి తగ్గి ఉంటుంది, ఎండ ముదరదు, వానలుండవు. తల్లి మొక్క చుట్టూ అడుగు ఎత్తున్న పిలక ఒకటి ఎంచుకుని చిన్న గునపంతో మట్టి తొలగిస్తూ పోతే తల్లికీ దానికీ మధ్య బొటనవేలి మందం ఉన్న తెల్లటి కాడ దొరుకుతుంది. దాన్ని పదునైన కత్తితో ఒక్క వేటుకు తెంపండి, లాగి పీకకండి. పిలకకు సొంత వేళ్ళు రెండు మూడున్నా చాలు, లేకపోయినా పరవాలేదు. కోసిన చోట కట్టెల బూడిద అద్ది, నీడలో, గాలి తగిలే అరుగు మీద వారం రోజులు వదిలేయండి. కోత మీద పొక్కు కట్టినట్టు గట్టిపడాలి. ఈ వారంలో పిలక వడలినట్టు కనిపిస్తుంది, చాలామంది ఇక్కడే ఆగలేక నాటేస్తారు. పచ్చి కోతతో తడి మట్టిలో పెడితే కుళ్ళు పట్టడానికి దారి ఇచ్చినట్టే. గట్టిపడ్డాక పొడి మట్టిలో నాటి, మరో వారానికి మొదటిసారి నీళ్ళు పోయండి. నెలా నెలన్నరకు మొదలు పట్టుకుని మెల్లగా కదిపితే బిగువుగా ఉంటుంది, అంటే వేరు పట్టింది. నీడలో ఉన్నదాన్ని ఒక్కసారిగా ఎండలోకి మార్చకుండా రెండు మూడు వారాలు కొద్దికొద్దిగా అలవాటు చేయండి.

పూత గురించి ముందే తెలిసి ఉండటం మంచిది. నూరేళ్ళకొకసారి పూస్తుందని దీనికో పేరుంది. నిజానికి వేడి ప్రాంతాల్లో పదేళ్ళు దాటాక ఎప్పుడైనా పూయవచ్చు, చలి ప్రాంతాల్లో ముప్పై ఏళ్ళూ పట్టవచ్చు. ఒకనాడు మొవ్వు లావెక్కి, కొత్త మట్టలకు బదులు చేయంత మందం ఉన్న కాడ పైకి లేస్తుంది. రోజుకు కొన్ని అంగుళాల చొప్పున ఎదిగి రెండంతస్తుల మేడను దాటుతుంది. 20 నుంచి 25 అడుగుల దాకా పోయి, పై భాగంలో కొమ్మలు వేసి, పసుపు పూలు గుత్తులుగా పూస్తుంది. మెక్సికోలో రాత్రిపూట గబ్బిలాలు ఆ తేనె కోసం వచ్చి పుప్పొడి మోసుకుపోతాయి. ఆ పూతకు కావలసిన బలమంతా ఏళ్ళ తరబడి మట్టల్లో దాచినదే. పూలు ఎండేసరికి మట్టలు వడలి, తల్లి మొక్క చచ్చిపోతుంది. కాడ నరికేస్తే మొక్క బతుకుతుందని కొందరు చెబుతారు. అలా జరగదు, ఒకసారి కాడ లేచాక ఆ మొవ్వు నుంచి మళ్ళీ మట్టలు రావు. కాబట్టి కాడను పూయనివ్వండి. పైన కరెంటు తీగలుంటే మాత్రం ముందే చూసుకోవాలి. ఇదీ చోటు ఎంచేటప్పుడు తలెత్తి చూడవలసిన సంగతే.

మెక్సికో పల్లెల్లో ఆ దాచిన బలాన్ని మనుషులు ఎప్పటి నుంచో వాడుకుంటున్నారు. కాడ లేవబోయే సమయం కనిపెట్టి మొవ్వు కోసి, మధ్యలో గిన్నెలా తొలుస్తారు. అందులో ఊరిన తియ్యటి రసాన్ని పొడవాటి సొరకాయ బుర్రతో పీల్చి తీస్తారు. అది పులిస్తే పుల్కే అనే పానీయం. దీని దగ్గరి చుట్టమైన నీలి అగేవ్ మొదలును ఉడికించి, రసం తీసి పులియబెట్టి బట్టీ పడితే టెకీలా. హలిస్కో రాష్ట్రంలోని ఆ నీలి తోటల్ని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పూర్వం అక్కడివాళ్ళు ఈ మొక్కకు దేవతగా మయావెల్‌ను కూడా కొలిచారు. దాని నారతో బట్ట, తాడు, దాని ముల్లుతో సూది, దాని మట్టతో ఇంటి కప్పు. మన దగ్గర అది కంచెగా మిగిలిపోయింది గానీ నార విలువ మనవాళ్ళకూ తెలుసు. దాని తోబుట్టువు సిసల్ మీద పని చేసే పరిశోధన కేంద్రం ఒడిశాలోని బామ్రాలో ఉంది.

తల్లి పోయాక చుట్టూ పిలకలు మిగులుతాయి. నిజానికి అవి అంతకు ముందు నుంచే వస్తుంటాయి, కొన్నేళ్ళకు పది పదిహేను కూడా అవుతాయి. అన్నీ ఉంచితే ముళ్ళ గుబురు తయారై లోపలికి చేయి పెట్టలేరు. తల్లి స్థానంలో ఒక్కదాన్ని ఉంచి మిగతావి తీసేయండి. తీసినవాటిని ఊరి చివర గుట్ట మీదో చెరువు గట్టు మీదో విసరకండి. పడేసిన చోటే వేరు పడుతుంది, ఆపైన దాన్ని పీకేవాళ్ళుండరు. స్పెయిన్‌లోనూ దక్షిణాఫ్రికాలోనూ తోటల నుంచి బయటికి పాకి స్థానిక మొక్కల్ని తొక్కేసిన చరిత్ర దీనికి ఉంది. అక్కర్లేని పిలకను మొవ్వు దాకా నాలుగు ముక్కలు చేసి ఎండలో బాగా ఎండబెట్టాకే పారేయండి.

ఎవరికైనా పిలక ఇవ్వాలనుకుంటే ముళ్ళకు థర్మాకోల్ ముక్కలు గుచ్చి, పాత గోనెసంచిలో చుట్టి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ఇది పది అడుగులు పరుచుకుంటుందని, దీనికి ఎండ కావాలని, నీళ్ళు వద్దని చెప్పండి. వాళ్ళ పెరట్లో అంత జాగా లేకపోతే మొహమాటపడకుండా ఇవ్వడం మానేసి, ముళ్ళు లేని రకం పేరు ఒక కాగితం మీద రాసివ్వండి.